దిబ్బూరహళ్ళి నుండి బంగారు గనుల వరకు

చిక్కబళ్ళాపురము జిల్లాలో, శిడ్లఘట్టకు ఉత్తరముగా, బాగేపల్లి చింతామణి తాలూకాలకు చేరువలో దిబ్బూరహళ్ళి అను గ్రామము కలదు. రాష్ట్రము కర్ణాటకమే యైనను ఈ ప్రాంతపు పల్లెలలో ఇంటిభాష తెలుగు. కచేరీలోను బడిలోను కన్నడము మాటలాడిన రైతు, పొలమునకు వచ్చి కూలీలను పిలుచునది తెలుగులోనే. దారి కిరుప్రక్కల గుండ్లు పేర్చినట్లున్న కొండలు, వాని పాదములందు మల్బరీ తోటలు, ఆ తోటల నడుమ బోరుబావులు. ఏడాది పొడవున పారు నది లేని ఈ సీమయందు రైతు నీటికొరకు వేయి అడుగులకు మించి భూమిని తొలిపించుచున్నాడు. అంత తొలిపించినను నీరు పడునన్న నిశ్చయము లేదు. ఇట్టి నేలకు ఆగ్నేయముగా, ఒక్కపూట ప్రయాణపు దూరములో, మానవుడు బంగారమునకై పదివేల అడుగుల లోతునకు దిగిన చోటొకటి ఉన్నదనియు, ఆ చోటిమీద లక్షకు మించిన జనముతో ఒక పట్టణము నేటికిని నిలిచియున్నదనియు తలచుకొనినపుడు, ఆ పట్టణమును ఎవరు కట్టిరి, ఎవరు పాలించిరి, గని మూతబడిన పిమ్మట దాని భారమును ఎవరు వహించిరి అను ప్రశ్నలు నన్ను విడువలేదు. వానికి సమాధానమును పుస్తకములలో కొంత చదివితిని. తక్కినది కన్నులార చూడవలెనని కోలారు బంగారు గనులకు ప్రయాణమైతిని.

చింతామణి వరకు బస్సు, అక్కడినుండి రైలు. బంగారుపేటనుండి కోలారు, శ్రీనివాసపురము, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా చిక్కబళ్ళాపురము చేరు ఈ మార్గము మైసూరు సంస్థాన కాలమున సన్నని పట్టాల చిన్నబండి మార్గముగా పుట్టి, ఇటీవలనే పెద్ద పట్టాలకు మారినది. తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిన నారేయణ యోగీంద్రులు నివసించిన కైవారము ఈ చింతామణి తాలూకాలోనిదే. శ్రీనివాసపురపు మామిడి తోటలను, కోలారమ్మ వెలసిన కోలారును దాటి బండి బంగారుపేట చేరినది. మైసూరు రాజ్యమును కమీషనరుగా పాలించిన బౌరింగు దొర పేర ఇది పూర్వము బౌరింగుపేట. ఇక్కడినుండి మారికుప్పము వరకు చీలిన పదిమైళ్ళ శాఖ 1894లో గనుల కొరకే వేయబడినది. ఆ దారిన లోనికి యంత్రములును మనుష్యులును పోగా, బయటికి వచ్చినది బంగారము. రైలు ఊరుగాము దాటుచుండగా కిటికీనుండి మొదట కనబడినవి ఇండ్లు గావు, చెట్లు గావు. బూడిదవన్నె కలిగి, శిఖరములు కోసివేసినట్లు చదునైన, గడ్డిపోచయైనను సరిగా మొలవని పెద్ద దిబ్బలు.

ఈ నేలలో బంగారమున్నదని దొరలు వచ్చి కనిపెట్టిరనుట సత్యము గాదు. స్థానికులు తరతరములుగా ఇక్కడ మట్టి కడిగి బంగారు రేణువులను ఏరుచుండిరి. పూర్వులు త్రవ్విన పాతగుంతలు పలుచోట్ల కనబడుచుండెను. టిప్పు సుల్తాను 1799లో పడిపోయిన పిమ్మట, 1802లో మైసూరు తూర్పు సరిహద్దులను కొలుచుటకు వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెను ఈ వాడుకను విని, బంగారము చూపినవారికి బహుమానమిత్తునని చాటింపగా, గ్రామస్థులు బండ్లతో మట్టి తెచ్చి ఆయన యెదుటనే కడిగి చూపిరి. ఆయన వ్రాసిన వృత్తాంతము పత్రికలో అచ్చయి, చాలకాలము చదువువారు లేక పడియుండెను. న్యూజీలండు యుద్ధములందు పనిచేసి, బెంగుళూరు దండులో స్థిరపడిన లావెల్ అను ఐరిష్ సైనికుడు దానిని చదివి, 1871లో ఎద్దుబండిమీద అరువది మైళ్ళు వచ్చి ఈ నేలను పరిశీలించెను. మైసూరు ప్రభుత్వమునుండి 1875లో అతనికి ఇరువదియేండ్ల కౌలు లభించినది. కాని లోతుగనులకు వలయు ధనము అతనికి లేకపోవుటచే రెండేండ్లలోనే తన హక్కులను వేరొక బృందమునకు అమ్ముకొనవలసివచ్చెను. ఆ హక్కులు తుదకు చేరినచోటు లండనులోని జాన్ టేలర్ అండ్ సన్స్ అను సంస్థ. 1880లో పని మొదలిడిన ఆ సంస్థకును తొలుత అదృష్టము కలిసిరాలేదు. వాటాదారుల ధనము అడుగంటి, గనిని విడిచిపెట్టవలెనన్న మాట లేచిన సమయమున, ప్లమరు అను గని అధికారి పూర్వులు త్రవ్విన గుంతల క్రిందనే ఇంకను లోతుగా పోయి చాంపియన్ రీఫ్ అను ప్రసిద్ధమైన సిరను పట్టెను. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాము, నందిదుర్గము అను గనులు ఆ సిరమీద వెలసినవే.

గని నిలిచిన పిమ్మట పట్టణము పుట్టినది. నదీతీరమని, సంతచోటని, కోటయని, గుడియని కారణముండి పుట్టిన ఊరు గాదిది. రాతిలోని ఒక సన్నని చార ఎటు పోయెనో పట్టణమును అటే సాగినది. కావుననే నేటికిని దీనికి నడిబొడ్డు లేదు. ఊరుగాము, చాంపియన్ రీఫ్, కోరమండలము, మారికుప్పము అని గనిలోనికి దిగు నిలువుబావియైన షాఫ్టు షాఫ్టుకును ఒక్కొక్క పేట విడివిడిగా పడియున్నది. ఈ పేటలన్నిటిమీదను వాస్తవమైన ఏలుబడి కంపెనీది. ఇండ్లు కంపెనీవి, ఆసుపత్రి కంపెనీది, దారులు కంపెనీవి, కావలివారు కంపెనీవారు. మైసూరు సంస్థానము భూమికి స్వామియై, తీసిన బంగారపు విలువలో నూటికి ఐదు వంతున రాయల్టీ గైకొనుచు, గనులకు వలయు సమస్తమును సమకూర్చుటకు పూనుకొనెను. గనుల కొరకు ప్రత్యేకమైన శాసనములు చేసి, మేజిస్ట్రేటును పోలీసు సూపరింటెండెంటును వేరుగా నియమించిరి. పారిశుద్ధ్యమునకు శానిటరీ బోర్డు ఏర్పడినది. కంపెనీ పొలిమేర వెలుపల వర్తకులును తక్కిన జనమును నివసించుటకు సంస్థానమే కొలిచి వీథులు తీర్చిన పేట రాబర్ట్‌సన్‌పేట; అప్పటి రెసిడెంటు పేర వెలసిన ఆ పేట నేటికిని పురపాలక సంఘమునకు స్థానము. గనులు పోయినను పోలీసు వ్యవస్థ మాత్రము పోలేదు: కోలారు జిల్లాకు ఒక సూపరింటెండెంటు ఉండగా, గనుల పట్టణమునకు వేరొక సూపరింటెండెంటు ఈనాటికిని ఉన్నాడు. బంగారమును కాపాడుటకై పుట్టిన ఏర్పాటు బంగారము ముగిసిన తరువాత కూడ కొనసాగుచున్నదనుట ఆలోచింపదగిన విషయము.

గనికి ఆ ప్రభుత్వము చూపిన శ్రద్ధ ఎంతటిదో విద్యుచ్ఛక్తి చరిత్ర చెప్పును. కావేరీనది శివనసముద్రమువద్ద దుముకు చోట శేషాద్రి అయ్యరు దివానుగా నున్న కాలమున పూనిన జలవిద్యుత్కేంద్రమునుండి, 92 మైళ్ళు తీగెలు లాగి, 1902 జూను నెలలో ఈ గనులకు విద్యుత్తు నందించిరి. అంత దూరము విద్యుత్తును పంపుట ఆనాడు లోకముననే అరుదైన కార్యము. సంస్థానములో పెద్ద నగరమైన బెంగుళూరునకు విద్యుద్దీపములు వచ్చినది 1905లో. రాజధానియైన మైసూరునకు అటుపిమ్మటనే. నీటి విషయమును అట్టిదే. పాలారునది నీటిని నిలుపు బేతమంగళపు చెరువునుండి గొట్టములు వేసి నీరు తెచ్చిరి. ఒక ప్రభుత్వము తలచినచో ఎండుసీమలోనైనను నీరు, దీపము, రైలు ఎంత శీఘ్రముగా తేగలదో ఇక్కడ రుజువైనది. అయితే ఆ తలపునకు కారణము రాతిలోని బంగారమే గాని ఆ రాతిమీద నివసించు మనుష్యులు గారు.

ఆ మనుష్యులు ఎవరు? ఎక్కువమంది ఉత్తరార్కాడు ప్రాంతపు తమిళులు, అందును ఊరివెలుపల బ్రతుకవలసివచ్చిన దళితులు. చిత్తూరు వైపునుండియు చుట్టుపట్ల పల్లెలనుండియు వచ్చిన తెలుగువారు కొందరు. వారిపైన మేస్త్రీలు, ఇంగ్లీషు ఇటాలియను ఉద్యోగులు, ఆంగ్లోఇండియనులు. పల్లెలో చెప్పు తొడిగి వీథిన నడువరాని మనిషికి ఇక్కడ వారము తిరుగగానే చేతికి కూలి వచ్చినది. ఆ మేరకు గని అతనికొక విడుదల. కాని కూలివాండ్ర ఇండ్లు వెదురుతడికలతో కట్టిన ఒంటిగది వరుసలు. వానినే లైన్లనిరి, నేటికిని ఆ పేరే వాడుక. కొంత దూరములో, పూదోటలతో దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానము. ఒకే షాఫ్టున దిగువారి నడుమ నేలమీద ఇంత ఎడము!

ఆ ఎడమును వారు మారుమాటాడక సహించిరనుకొనుట పొరపాటు. మద్రాసునందు అయోత్తీదాసు పండితులు స్థాపించిన శాక్య బౌద్ధ సంఘమునకు మారికుప్పములో శాఖ వెలసినది. గనిపని చేయువారు తామే చందాలు వేసికొని చదువునకును ఆత్మగౌరవమునకును ఒక నెలవు కట్టుకొనిరి. కూలివాండ్ర వ్రేలిముద్రలు తీసికొని పట్టీలలో నమోదు చేయవలెనని 1930లో కంపెనీలు తలపెట్టగా, తాము దొంగలము గామని వేలాది జనము పని మానివేసిరి. స్థిరమైన సంఘము లేకయే గనులన్నియు స్తంభించిన ఆ సమ్మె, ఈ పట్టణమున ప్రజలు పాలనావిషయమున తమ మాట చెప్పిన తొలి సందర్భమని నేనెంచుచున్నాను. ఆ తరువాతి దశకమున వాసన్ మొదలైన కమ్యూనిస్టు నాయకుల చేత సంఘము బలపడినది. 1946 నవంబరులో పోలీసులు కాల్పులు జరుపగా ఆరుగురు కార్మికులు ప్రాణములు విడిచిరి. స్వాతంత్ర్యమునకు కొన్ని నెలల ముందు చిందిన ఆ నెత్తురు మన పాఠ్యపుస్తకములలో స్థానము పొందవలసి యుండెను.

చాంపియన్ రీఫ్ ప్రాంతమున ఒక లైనుముందు అరుగుమీద కూర్చుండిన వృద్ధుడొకరు నా తెలుగు విని పలుకరించిరి. పలమనేరు వైపునుండి వారి తండ్రి వచ్చినవారట. "నేను ఈ లైన్లోనే పుట్టినా సామీ, ఈ లైన్లోనించే పనికి పొయినా," అనిరి. లోపల ఎట్లుండెడిదని అడిగితిని. "కేజ్‌లో దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి. దిగినాక ఇంకా నడవాల, ఇంకో షాఫ్టు దిగాల. కింద రాయిని చేత్తో తాకితే కాలేది. రాయి పేలితే మాత్రం ఎవరి తరమూ కాదు. మనం కొట్టకపోయినా అదే పేలుతుంది." ఆయన చెప్పిన ప్రతిమాటకును శాస్త్రగ్రంథములలో సాక్ష్యము కలదు. గిఫర్డ్ షాఫ్టు వైపున గని మూడు కిలోమీటర్ల లోతును మించి పోయినది. అక్కడ రాతి వేడిమి 60 డిగ్రీల సెంటిగ్రేడును దాటుచుండెను. లోతున త్రవ్విన గుహలమీద పైరాతి భారము మోయరానిదై గోడలు ఒక్కుమ్మడి చిట్లి పేలు విపత్తు కోలారు గనులకు జన్మవ్యాధి వంటిది. ఆ పేలుడులు నేలమీది ఇండ్లను కూడ కదలించెడివి. పేలుడునకు చిక్కనివానిని రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి మెల్లగా కబళించెడిది.

అదే లోతు జ్ఞానమునకును ఉపకరించినది. భూమి మందము ఇతర కిరణములను అడ్డగించు చోట, దాదాపు ఏ వస్తువు చేతను అడ్డగింపబడని న్యూట్రినో కణముల జాడ పట్టవచ్చునని తలచి, బొంబాయి టాటా పరిశోధనసంస్థవారు, జపాను ఒసాకా నగర విశ్వవిద్యాలయమువారు, ఇంగ్లండు డర్హము విశ్వవిద్యాలయమువారు కలిసి ఈ గనిలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున పరికరములమర్చి, 1965లో వాతావరణమునందు పుట్టిన న్యూట్రినోలను గుర్తించిరి. దక్షిణాఫ్రికాలోని గనియొకదానియందు మరియొక బృందము అదే యేడు అదే ఫలితము సాధించెను. మేనను, శ్రీకంఠను మొదలైన శాస్త్రజ్ఞుల పేర్లు ఆ ప్రయోగము వలన లోకమునకు తెలిసినవి. వారి పరికరములను అంత లోతునకు చేర్చి, అక్కడ నిలిపి, కాపాడిన చేతులు గని కార్మికులవే.

స్వాతంత్ర్యానంతరము ఏలుబడి చేతులు మారినది. మైసూరు రాష్ట్రప్రభుత్వము 1956 నవంబరులో గనులను జాతీయము చేసెను. 1962 డిసెంబరులో అవి కేంద్ర ఆర్థికశాఖ క్రిందికి పోయెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను ప్రభుత్వసంస్థ ఏర్పడెను. పేరు మారినది, జెండా మారినది. పట్టణమునకు మాత్రము యజమాని యొక్కడే యను పద్ధతి మారలేదు. ఆ యజమాని పరిస్థితియు నానాటికి క్షీణించుచుండెను. తొలినాళ్ళలో టన్ను రాతికి 40 గ్రాములకు మించి దొరికిన బంగారము తుదిదశలో నాలుగు గ్రాములకు లోబడెను. లోతు పెరిగినకొలది ఖర్చు పెరుగగా, తీసిన బంగారమును దేశములోని విపణి ధరకు గాక, అంతకు తక్కువైన అంతర్జాతీయ ధరకు కేంద్రమునకు అప్పగింపవలసిన కాలము చాలకాలము నడచినది. దేశపు విదేశ మారకమునకు ఆధారమై నిలిచిన గని, లెక్కల పుస్తకములలో నష్టపు గనియై చూపట్టినది. 1992లో అది ఖాయిలా పరిశ్రమగా ప్రకటితమయ్యెను. 2001 ఫిబ్రవరి 28తో పని ఆగిపోయెను. 120 ఏండ్లలో ఈ నేలనుండి పైకి వచ్చిన బంగారము సుమారు 800 టన్నులు.

ఆ రోజు తరువాత నేమైనదో ఆ వృద్ధుడు రెండు మాటలలో చెప్పిరి. "కంపెనీ ఉన్నప్పుడు నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి, అన్నీ కంపెనీవే సామీ. మూసినాక ఏది కావాలన్నా ఎవర్ని అడగాలో తెలియలా." ఈ పట్టణ పాలన చరిత్రనంతటిని ఇంతకంటె సూటిగా నేను చెప్పలేను. భూమి కేంద్రప్రభుత్వ సంస్థది, వీథులు పురపాలక సంఘమువి, తాలూకా కచేరీ రాష్ట్రప్రభుత్వముది, దిబ్బలు గనుల మంత్రిత్వశాఖవి. నడుమ నివసించు మనిషికి ఏ తలుపు తట్టవలెనో తెలియదు. గనినుండి నీటిని తోడు యంత్రములు ఆగిపోగా షాఫ్టులు నీటితో నిండినవి. సయనైడుతో బంగారము తీసిన పిమ్మట మిగిలిన మూడుకోట్ల టన్నులకు మించిన మెత్తని ధూళి పదమూడు దిబ్బలుగా పేరుకొనియున్నది. గాలికాలమున ఆ ధూళి ఇండ్లలోనికి, కంచములలోనికి వచ్చును. తెల్లవారకముందే మారికుప్పము స్టేషనునుండి బయలుదేరు బండ్లలో వేలాది జనము బెంగుళూరునకు కూలికిని ఉద్యోగములకును పోయి, చీకటిపడిన తరువాత తిరిగివచ్చుచున్నారు. తాతలు గనికొరకు ఈ ఊరికి వచ్చిరి. మనుమలు పనికొరకు ప్రతిదినము ఈ ఊరు విడుచుచున్నారు. 1964లో పుట్టిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థవారి కర్మాగారము ఒక్కటి నేటికిని కొందరికి జీవనాధారమై యున్నది.

ఇట్టి పట్టణములు లోకమున ఇంకను కలవు. రష్యాదేశమున, ఉత్తరధ్రువ వలయములో, 1935లో ఖైదీల చేత కట్టించిన నోరిల్స్క్ అను నికెలు పట్టణము ఒక్క సంస్థను నమ్ముకొనియే బ్రతుకుచున్నది. అక్కడ 2020లో చమురుతొట్టి పగిలి సుమారు ఇరువదివేల టన్నుల డీజిలు నదుల పాలైనపుడు, ఆ సంస్థ రెండు వందల కోట్ల డాలర్ల మేరకు జరిమానా చెల్లింపవలసివచ్చెను. సంస్థ జీవించియున్నది గావున జరిమానా వేయుటకు ఒక చిరునామా ఉన్నది. కోలారు గనులలో ఆ చిరునామాయే లేదు. మన తెలుగునాటికి వత్తము. లావెల్ ఎద్దుబండి కట్టిన ఆ 1871వ సంవత్సరముననే భూగర్భశాఖకు చెందిన విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. అటుపిమ్మట పుట్టిన సింగరేణి నేటికిని పనిచేయుచున్నది. కొత్తగూడెము, మందమర్రి, రామగుండము దానిపై ఆధారపడియున్నవి. కోలారు సిర దక్షిణమునకు సాగి చిత్తూరు జిల్లాలో ప్రవేశించును. అక్కడి చిగురుగుంట, బిసనత్తము గనులును భారత్ గోల్డ్ మైన్స్ నడిపినవే, మూతబడినవే.

2015లో ఖనిజచట్టమును సవరించి, గని తవ్వువారు రాయల్టీకి అదనముగా కొంత సొమ్మును జిల్లా ఖనిజనిధికి చెల్లింపవలెననియు, దానిని గనులచే బాధితులైన ప్రజల మేలునకు వినియోగింపవలెననియు నిర్ణయించిరి. ఇది మంచి చట్టము. కోలారు గనులకు పదునాలుగేండ్లు ఆలస్యముగా వచ్చిన చట్టము. అయినను దానిలో ఒక లోటు నాకు కనబడుచున్నది. నిధి ఏటికేడు రోడ్లకును భవనములకును వ్యయమగుచున్నదే గాని, ఖనిజము అయిపోవు దినమునకై కొంత భాగమును కదల్పరాని మూలధనముగా దాచవలెనన్న నియమము దృఢముగా నిలువవలసియున్నది. ఖనిజము పంట వంటిది గాదు. ఒకసారి కోసినచో మరల మొలవదు. ఆ సంగతి త్రవ్వు తొలిదినముననే తెలిసియుండియు, తుదిదినమునకు సిద్ధపడకుండుటను అజ్ఞానమనుటకు వీలులేదు. అది పాలకుల ధర్మలోపము.

కావున సింగరేణి ప్రాంతమునందలి చదువరులకును, ఖనిజము నమ్ముకొని బ్రతుకు ఏ ఊరివారికైనను నా మనవి యొక్కటే. మీ గని నిండుగా పనిచేయుచున్న ఈనాడే మూడు సంగతులు అడిగి వ్రాతపూర్వకముగా పొందుడు: ఇండ్ల క్రింది నేల ఎవరిది, మిగిలిన దిబ్బలను శుద్ధిచేయు పూచీ ఎవరిది, గని మూసిన మరునాడు నీరును దీపమును ఇచ్చువారెవరు. కోలారు గనులవారు వీనిని అడుగునాటికి, సమాధానము చెప్పవలసిన సంస్థ మూతబడియుండెను.